రోజూ పొద్దున్నే వచ్చే పేరు

జనవరి 9

వదినా,

క్షేమంగా చేరాను. గది దొరికింది. రెండో అంతస్తు, కిటికీ తీస్తే ఎదురుగా ఒక ప్రింటింగ్ ప్రెస్ వెనక గోడ. ఫోన్లో మనిద్దరం ఒకేసారి మాట్లాడతామనీ, ఇద్దరిలో ఎవరమూ వినమనీ, చెప్పుకోవలసినవి కాగితం మీద రాసుకోమనీ అన్నయ్య అన్నాడు. సరే, తన మాటే కానిద్దాం.

ఇక సర్వర్ సంగతి. మీకు ఎంతవరకు తెలుసో నాకు తెలియదు కాబట్టి మొదటినుంచీ రాస్తున్నాను, ఏమీ అనుకోకండి. మన దగ్గర సైటు పెట్టుకున్నవాళ్ళందరి డేటా, కళ్ళజోళ్ళ షాపాయన ఆర్డర్ల దగ్గర్నుంచి పశువుల డాక్టరమ్మ చూసే కుక్కల పేర్లదాకా, మన దర్జీ షాపు మీద గదిలో ఉన్న ఆ ఒక్క మెషీన్లోనే ఉంది. ఒక్కో సైటుకి ఒక్కో డేటాబేసు, దానికి వేరే అకౌంటు, వేరే పాస్‌వర్డు. డ్రైవింగ్ స్కూలు అకౌంటుతో లోపలికొచ్చినవాడికి సంగీతం మాస్టారి తలుపు కూడా కనబడకూడదు. నేను అలా కట్టాను. ఎవరు బతిమాలినా ఎక్కువ హక్కులు ఇవ్వకండి. మెమొరీ సెట్టింగులు అస్సలు కదపకండి, ఆ అంకెలు కుదరడానికి నాకు వానాకాలమంతా పట్టింది. బ్యాకప్ గురించి మీరు తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు, దాని పని అది చేసుకుపోతుంది.

నిన్న మన సైటు తెరిచి చూశాను. 'ఏ ఇబ్బంది వచ్చినా వీరిని అడగండి' అన్న చోట నా పేరు పోయి మీ పేరు వచ్చేసింది. నేనింకా పెట్టె సర్దుకోలేదు. మీరు మాత్రం చాలా చురుగ్గా ఉన్నారు.

ఇక్కడ ఆఫీసు గురించి చెప్పాలంటే ఒక ఉత్తరం చాలదు. హాలు నిండా సర్వర్లు, అద్దాల గోడలు, లోపల స్వెట్టర్ వేసుకోవలసినంత చలి. మన దర్జీ షాపు మీద గది తలుచుకుంటే నవ్వొస్తోంది.

మెషీన్ జాగ్రత్త. అన్నయ్య కూడా.

మీ ఆడపడుచు

*

జనవరి 24

పిచ్చుకకు,

నీ ఉత్తరం అందింది. మీ అన్నయ్య పైకి చదివి వినిపించమన్నారు. పేరు మార్చిన సంగతి వచ్చేసరికి నేను ఆ రెండు వాక్యాలు దాటేశాను. ఆ మార్పు చేసింది ఆయనే. నువ్వు వెళ్ళాక ఎవరో నీ పేరుకి మెయిల్ పంపి జవాబు రాలేదని విసుక్కున్నారట. నన్ను అడగను కూడా లేదు.

మొదటినుంచీ విడమరిచి రాసినందుకు సంతోషం. ఆసుపత్రిలో ఏళ్ళ తరబడి రోగుల రికార్డులు చూసుకున్నదాన్ని కదా, డేటాబేసంటే ఏమిటో కొద్దోగొప్పో తెలుసు.

మొన్న కళ్ళజోళ్ళ ఆయన ఫోను చేసి, కొనేవాళ్ళ నంబరు కొడితే పేరు వచ్చేలోపు ఆ మనిషి కొట్టు దిగి వెళ్ళిపోతున్నాడని గోల పెట్టాడు. చూస్తే ఆర్డర్ల టేబుల్‌కి ఇండెక్స్ లేదు. ఒక్క నంబరు వెతకడానికి మెషీను మొదటి వరుస నుంచి చివరి వరుసదాకా చదువుకుంటూ పోతోంది. ఇండెక్స్ పెట్టాను. ఇప్పుడు రెప్ప వేసేలోపు వస్తోంది. ఆయన మురిసిపోయి నాకొక కళ్ళజోడు ఉచితమన్నాడు, నా చూపు బాగానే ఉందని చెప్పాను.

మీ అన్నయ్యతో చెబితే ఏమన్నారో తెలుసా? "చెల్లి ఉంటే ఇది ఎప్పుడో పట్టేసేది." వంటింట్లోకి వెళ్ళి కాసేపు నిలబడి వచ్చాను. పెట్టకుండా వెళ్ళింది ఎవరని అడగాలనిపించింది. అడగలేదు.

మెషీనుకి కొత్త మెమొరీ వేశాం కాబట్టి సెట్టింగులు కదపక తప్పలేదు. కోప్పడకు. అన్నట్టు, సర్వర్ మొత్తానికి అధికారం ఉండే పెద్ద పాస్‌వర్డు కావాలంటే 'చెల్లినే అడుగు' అంటున్నారు. పంపిస్తావా?

ఆ చలిలో గొంతు పాడుచేసుకోకు.

నీ వదిన

*

ఫిబ్రవరి 6

వదినకు,

ముందొక మాట. పిచ్చుక అని నన్ను అన్నయ్య ఒక్కడే పిలుస్తాడు. చిన్నప్పుడు అన్నం మెతుకులు ఏరుకు తినేదాన్నని తను పెట్టిన పేరది. నా కుర్చీ మీదైంది, నా పేరున్న చోట మీ పేరు వచ్చింది. కనీసం దీన్నైనా వదిలేయండి.

ఇండెక్స్ సంగతి నాకు తెలుసు. ఆయన ఆర్డర్లు వందల్లో ఉన్నప్పుడు దాని అవసరం లేదు. వేలల్లోకి వెళ్ళాక పెడదామనుకున్నాను, ఈలోపు ఉద్యోగం వచ్చింది. మీరు కనిపెట్టినట్టు రాశారు. అన్నయ్య ఆ మాట అన్నాడంటే, తనకి నా పని తెలుసు కాబట్టి అన్నాడు.

పాస్‌వర్డు వేరే కవరులో పంపుతున్నాను. ఇది రాస్తుంటే కొంగున కట్టుకున్న ఇంటి తాళాలు విప్పి ఎవరికో అప్పజెప్పినట్టుంది. మీరు ఎవరో కాదు, నిజమే. అయినా అలాగే ఉంది.

నిన్న మా పై అధికారి, ఒక డేటాబేసు ఎందుకు నెమ్మదిగా నడుస్తోందో నా అభిప్రాయం అడిగాడు. చెప్పాను. చాలా మెచ్చుకున్నాడు. అన్నయ్యకి చెప్పండి.

ఆడపడుచు

*

ఫిబ్రవరి 18

ఆడపడుచు గారికి,

ఆ పేరు ఇక రాయను. ఇంట్లో అందరూ అలా పిలుస్తారనుకున్నాను. మీ ఇంట్లో ఏది అందరిదో, ఏది ఒక్కరిదో నాకింకా తెలియడం లేదు. పెళ్ళయి మూడేళ్ళయింది.

ఇది రాయాలా వద్దా అని వారమంతా ఆలోచించాను. పెద్ద పాస్‌వర్డు రాగానే లోపలికి ఎవరెవరు వస్తున్నారో తెలిపే లాగ్ తెరిచాను. రోజూ పొద్దున్నే నీ పేరు ఉంది. ఒక్క రోజు తప్పలేదు. కొన్ని ఆదివారాలు మధ్యాహ్నం కూడా ఉంది. నువ్వు కోడి కంటే ముందు లేస్తావని మీ అన్నయ్య ఎప్పుడూ చెప్పేదే. కానీ లేవగానే మొహమైనా కడగకుండా, నేనేం పాడుచేశానో చూసుకోవడానికి వస్తున్నావని తెలియదు.

నేను కుర్చీలో కూర్చోకముందే నువ్వు వచ్చి వెళ్ళిపోతున్నావు. ఎంత జాగ్రత్తగా చేసినా నా వెనక ఒకరు నిలబడి చూస్తున్నట్టే ఉంది. మీ అన్నయ్యతో చెబితే, 'చూడనీ, దానికి ఆ మెషీనంటే ప్రాణం' అంటారు. అందుకే చెప్పలేదు.

నిన్న నీ అకౌంటు తీసేశాను. నీ పేరు మీదున్న మెయిల్‌పెట్టె కూడా మూసేశాను. ఉద్యోగం మానిన ఎవరికైనా ఆసుపత్రిలో ఇలాగే చేసేవాళ్ళం. ఇందులో నీకు ప్రత్యేకంగా చేసిన అవమానమేమీ లేదు.

వదిన

*

మార్చి 1

వదినకు,

మీ ఉత్తరం ఆఫీసు మెట్ల మీద నిలబడి చదివాను. మళ్ళీ లోపలికి వెళ్ళబుద్ధి కాలేదు.

అవును, వచ్చాను. దొంగలా రాలేదు, నా తలుపు తీసుకుని నేను వచ్చాను. ఏదో ఒక ఆదివారం మనసు ఊరుకోక లోపలికి వెళ్ళి, అంతా సవ్యంగా ఉందో లేదో చూసి బయటికొచ్చాను. ఒక్క అక్షరం ముట్టుకోలేదు. దాన్ని మీరు రోజూ పొద్దున్నే అని రాశారు. గోరంత జరిగితే కొండంత చెప్పడం మీకు కొత్త కాదు కాబట్టి ఆశ్చర్యపోలేదు.

మెమొరీకి మీరు పెట్టిన అంకెలు కూడా చూశాను. బాగానే ఉన్నాయి. నేను పెట్టినవాటి కంటే బాగున్నాయి. చూసి కళ్ళు కుట్టాయి. రాసేశాను, ఇక మీ ఇష్టం, అన్నయ్యకి చదివి వినిపించండి.

ఉద్యోగం మానిన ఎవరికైనా అన్నారు. నేను 'ఎవరికైనా' కాదు. ఆ గదిలో మెషీను పెట్టేటప్పుడు దానికి బల్ల లేకపోతే దర్జీ దగ్గర పాత కత్తిరింపుల బల్ల అడిగి నేనూ అన్నయ్యా మోసుకొచ్చాం. మీరింకా మా ఇంటికి రాలేదు.

ఇక రాయను. రాయడానికి నాకక్కడ ఏం మిగిలింది?

*

ఏప్రిల్ 8

వదినా,

నిన్న అన్నయ్య ఫోను చేశాడు. పుట్టి బుద్ధెరిగాక నా మీద అంత గొంతెత్తి మాట్లాడటం అదే మొదలు. సర్వర్ డిస్కు పాడైందట. బ్యాకప్ తీద్దామంటే ఫిబ్రవరి మధ్యలోనే ఆగిపోయిందట. "నువ్వు పోతూపోతూ ఏం ఆపేశావు?" అన్నాడు. ఏమీ ఆపలేదని చెబుతుంటే వినలేదు. ఇన్ని కొట్లవాళ్ళకి మొహమెలా చూపించాలన్నాడు. పెట్టేశాడు.

ఆపింది నేను కాదు, మీరు. రోజూ పొద్దున్నే వచ్చేది నేను కాదు వదినా, బ్యాకప్. ఆ పని నా అకౌంటు పేరు మీద పెట్టాను. అది తెల్లవారగానే నా పేరుతో లోపలికొచ్చి, అందరి డేటా ఒక కాపీ రాసుకుని వెళ్ళిపోయేది. మీరు అకౌంటు తీసేసిన రోజునుంచి దానికి తలుపు తెరుచుకోలేదు. ఆగిపోతే నాకు మెయిల్ రావాలి. ఆ పెట్టె కూడా మూసేశారు.

ఫోను పెట్టేశాక మీ పాత ఉత్తరం మళ్ళీ చదివితే తెలిసింది. రోజూ పొద్దున్నే, ఒక్క రోజు తప్పకుండా అని అంత స్పష్టంగా రాశారు. ఆ రోజే తెలియాలి. ఆదివారాలు దొరికిపోయాననే సిగ్గులో నాకు మిగతాది కనబడలేదు.

కానీ అన్నయ్యకి నా పేరు చెప్పింది ఎవరు? మీ చేతి పని నా నెత్తిన పెట్టి, మీరు పక్కన నిలబడి విన్నారా? అది మాత్రం నేను ఈ జన్మకి మరిచిపోను.

*

ఏప్రిల్ 11

పిచ్చుకా,

ఈ పేరు రాయనన్నాను, కానీ ఈ వేళ ఇదే రాయాలనిపించింది. నీ ఉత్తరం తెచ్చిన కొరియర్ కుర్రాడి చేతికే ఇచ్చి పంపుతున్నాను.

జరిగింది జరిగినట్టు చెబుతాను. ఆ రోజు పొద్దున సంగీతం మాస్టారు సైటు రావడం లేదని ఫోను చేశారు. ఆయన తర్వాత డాక్టరమ్మ, ఆవిడ తర్వాత అందరూ. మెషీను దగ్గరికి వెళ్తే డిస్కు టిక్కు టిక్కుమంటోంది. వెంటనే ఆపేశాను. బ్యాకప్ ఫోల్డరు తెరిచాను. ఇన్నాళ్ళూ అందులో ఫైళ్ళున్నాయని చూశానే కానీ తేదీలు చూడలేదు. ఆఖరి తేదీ ఇప్పుడు చూశాను. నీ అకౌంటు తీసేసిన రోజది. అప్పుడర్థమైంది.

నేను నోరు తెరిచేలోపే మీ అన్నయ్య వరండాలోకి వెళ్ళి నీకు ఫోను చేశారు. బ్యాకప్ నువ్వు పెట్టిందని మాత్రం ఆయనకి తెలుసు. నేను ఆయన వెనకే వెళ్ళాను. ఆయన నిన్ను కోప్పడుతున్నారు. ఇన్నేళ్ళలో నిన్ను ఒక్క మాట అనగా నేను వినలేదు. ఆపాల్సింది. ఆపకుండా కాసేపు విన్నాను. ఆ కాసేపు నా మనసుకి హాయిగా ఉంది. అది నీకు తెలియాలి కాబట్టి రాస్తున్నాను.

ఆయన ఫోను పెట్టేశాక చెప్పాను, తీసింది నేనేనని. ఎందుకని అడిగారు. "మీ చెల్లెలు లేని గది ఒక్కటైనా నాకు కావాలనిపించింది" అన్నాను. ఆయన వరండా మెట్ల మీద కూర్చున్నారు. తర్వాత, తప్పు అందరిదీ అన్నారు. నీకు ఫోను చెయ్యబోతే ఎత్తడం లేదట. ఎత్తు.

ఫిబ్రవరి కాపీతో సైట్లు నిలబెట్టాను. ఆ తర్వాతివన్నీ పాత డిస్కులోనే ఉన్నాయి. దాన్ని తీసి గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టాను. కాసేపు చదువుతుంది, ఆగిపోతుంది. బాగుచేసేవాడొకడు తెమ్మన్నాడు, ఇవ్వబుద్ధి కాలేదు. ఏ టేబుల్ ఎక్కడుందో, ఏది ముందు తీసుకోవాలో తెలిసిన చెయ్యి నీది. మీ అన్నయ్య పిలవమనలేదు. నేనే పిలుస్తున్నాను. రా.

నీ వదిన

*

ఏప్రిల్ 27

వదినా,

నిన్న మళ్ళీ ఇక్కడ నా గదికి చేరాను. బస్సులో కూర్చున్నంతసేపూ చెవుల్లో ఆ టిక్కు టిక్కే.

అన్నయ్య ముందు చెప్పలేనివి కొన్ని ఉన్నాయి. మొదటిది, ఈ ఆఫీసు సంగతి. ఆ చలి హాల్లోకి నన్ను రానివ్వరు. నా ముందు ఒక కంప్యూటర్ తెర ఉంటుంది, అందులో ఎర్ర దీపం వెలిగితే ఫోనెత్తి పైవాళ్ళకి చెప్పాలి. అంతే. పై అధికారి నా అభిప్రాయం అడగలేదు. తను అడిగింది టీ మిషను ఎక్కడుందని. మీరు నా కుర్చీలో కూర్చుని నిజంగా పని చేస్తున్నారని తలుచుకుంటే ఒళ్ళు మండిపోయేది. ఆ మంటతోనే అన్ని ఉత్తరాలూ రాశాను.

రెండోది. డిస్కు నుంచి నేను ఒక్కొక్క టేబులూ లాగుతుంటే మీరు పక్కన డేటా సరిచూశారు. అది వేడెక్కి ఆగినప్పుడల్లా విసనకర్ర పట్టుకుని కూర్చున్నారు. కళ్ళజోళ్ళు వచ్చాయి, డాక్టరమ్మ కుక్కలూ పిల్లులూ వచ్చాయి, మాస్టారి పాఠాలు వచ్చాయి. డ్రైవింగ్ స్కూలువి రాలేదు. నేను అదే టేబుల్ మళ్ళీ మళ్ళీ లాగుతూ కూర్చున్నాను. మీరు లేచి ఫోను తీసుకున్నారు. స్కూలాయన దగ్గర నంబర్లు తీసుకుని, నేర్చుకునేవాళ్ళకి ఒక్కొక్కళ్ళకీ చేసి, "మా వల్ల మీ టైము పోయింది, మీరు ఏ రోజుకి బుక్ చేసుకున్నారో చెబితే మళ్ళీ రాసుకుంటాను" అన్నారు. ఒకాయన తిట్టాడు. మీరు తిట్టించుకుని, మళ్ళీ అదే అడిగారు. ఆయన చెప్పాడు. ఆ స్కూలాయన మనల్ని వదిలి వెళ్ళకపోవడానికి కారణం ఆ ఫోన్లే, నా పనితనం కాదు.

అలా మాట్లాడటం నాకు ఎన్నటికీ రాదు. ఇంకో కొత్త కుళ్ళు మొదలైంది, ఏం చెయ్యను?

బ్యాకప్‌ని ఎవరి పేరు మీదా పెట్టకుండా దానికంటూ ఒక అకౌంటు చేశారు కదా. మొదట్లో నేను అలా చెయ్యాల్సింది. చేసిన ప్రతిదాని మీదా నా పేరు ఉండాలనిపించేది.

పిచ్చుక

*

మే 19

పిచ్చుకా,

నీ ఉత్తరం మీ అన్నయ్యకి చదివి వినిపించలేదు. 'అంత ఏముంది అందులో' అని నాలుగుసార్లు అడిగారు. ఆయనకి ఇప్పుడు కొత్త దిగులు పట్టుకుంది, చెల్లెలు తనకి రెండు లైన్ల మెసేజీ పెట్టి వదినకి పేజీలు రాస్తోందని. కొన్నాళ్ళు ఆ రుచి ఆయనకీ తెలియాలి.

అసలు విషయం. ఒక్క మెషీన్ని నమ్ముకుని ఇక నిద్రపట్టదు. రెండో సర్వర్ కొన్నాం. అది నీ గదిలో ఉండాలని నేనన్నాను. మన సైట్లన్నీ చిన్నవే, నీ దగ్గరున్న నెట్ లైను చాలు. ఇక్కడ ఎవరైనా ఒక ఆర్డరు రాస్తే ఆ మరుక్షణమే అక్కడా పడాలి. ఇక్కడిది కూలితే అక్కడిది లేచి నిలబడాలి. దాన్ని కట్టడం, చూసుకోవడం నీ పని. అందులో నేను వేలు పెట్టను.

అకౌంటు చేసి పంపుతున్నాను. దానికి కాపీ తీసుకునే హక్కు మాత్రమే ఉంది. దానితో ఇక్కడ దేన్నీ మార్చడం కుదరదు. చూసి మనసు కష్టపెట్టుకుంటావని తెలుసు. ఎవరు బతిమాలినా ఎక్కువ హక్కులు ఇవ్వొద్దని రాసింది నువ్వే.

ఒక్క మాట. మొన్న డిస్కు ముందు నువ్వు కూర్చున్నప్పుడు మీ అన్నయ్య గుమ్మంలో నిలబడి నిన్ను చూశారు. నన్ను ఎప్పుడూ అలా చూడలేదు. నా కుళ్ళు పోవడానికి ఇంకా టైము పడుతుంది. పోయిందని అబద్ధం చెప్పను.

రెండు మెషీన్లూ కలిశాక ఒక ఆదివారం ఇక్కడిది కావాలనే ఆపి చూద్దాం. నిజంగా నిలబడుతుందో లేదో తెలియాలి కదా. ఆయనకి చెప్పొద్దు, కంగారుపడతారు.

నీ వదిన

*

జూన్ 23

వదినా,

ఆదివారం అక్కడి మెషీన్ని మీరు ఆపిన సంగతి నాకు ఫ్యాను చప్పుడులో తెలిసింది. అప్పటిదాకా గుసగుసలాడుతున్న మెషీను ఒక్కసారి గొంతు పెంచింది. మీ మెసేజీ ఆ తర్వాత వచ్చింది. నా మెషీను మీద రాయడానికి అనుమతి ఇచ్చేశాను. సైట్లన్నీ ఇటు తిరిగాయి.

కుర్చీ లాక్కుని కూర్చున్నాను. చెయ్యడానికి ఏమీ లేదు, చూడటమే. కళ్ళజోళ్ళ ఆయన దగ్గర ఒకావిడ పేరు రాయించుకుంది. డాక్టరమ్మ దగ్గరికి కుంటుతున్న మేకని తీసుకొస్తామని ఎవరో టైము అడిగారు. డ్రైవింగ్ స్కూల్లో ఒకతను బుధవారం వద్దని గురువారం పెట్టుకున్నాడు. అన్నీ నా బల్ల మీద, నా కళ్ళ ముందు. వాళ్ళెవరికీ తెలియదు. అన్నయ్య మధ్యలో ఫోను చేసి భోంచేశావా అన్నాడు. చేశానన్నాను. గంటసేపు వాళ్ళందరూ నా దగ్గరే ఉన్నారు వదినా.

తర్వాత మీరు సిద్ధమని రాశారు. ఆ గంటలో నా దగ్గర రాసినవన్నీ మీ మెషీను తెచ్చేసుకుంది. ఇక నాది మళ్ళీ చదవడానికే తప్ప రాయడానికి వీల్లేకుండా చెయ్యాలి. ఒక్క లైను. టైపు చేశాను. వేలు ఎంటర్ మీద పెట్టి ఆగాను. నెట్ పోయిందనో, కరెంటు సరిగా లేదనో ఒక మాట అంటే ఇంకో గంట నా దగ్గరుండేవాళ్ళు. మీరు నమ్మేవాళ్ళు కూడా. అవతల మీరు ఏమీ అడగకుండా ఎదురు చూస్తున్నారు.

కడుపు మండింది. అయినా నొక్కాను.

ఫ్యాను మెల్లగా తగ్గింది. మేకకి టైము ఇంకా ఇవ్వకపోతే డాక్టరమ్మకి చెప్పి మీ దగ్గర రాయించండి, నాకిక రాయడానికి లేదు.

పిచ్చుక